ఆ ఇనుమును చూసి సంతకం పెట్టింది ఎవరు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వినోద పార్కులకు, ఎగ్జిబిషన్లకు అనుమతులిచ్చే అధికారులందరికీ ఒక విశ్రాంత ఫిట్టర్ రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. రైల్వే బోగీల మరమ్మతు కర్మాగారంలో 31 ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి ఇంటికి వచ్చినవాడిని నేను. ఇంజనీరును కాను, ఐటీఐ చదివాను. బోగీ కిందికి దూరి బోల్టులు విప్పడం, బిగించడం, అరిగిపోయినవి ఏరి పక్కన పడేయడం, ఇదే నా బతుకు. ఒక పార్కులో జనం ఎక్కే రోలర్ కోస్టర్ ఇనుమును పరీక్ష చేయించమని గత నాలుగు నెలల్లో మీలో అయిదుగురికి విడివిడిగా అర్జీలు ఇచ్చాను. ఏ ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

దసరా సెలవుల్లో మనవరాలిని, మనవడిని వెంటబెట్టుకుని తిరుపతికి గంట లోపు దూరంలో ఉన్న ఒక పార్కుకు వెళ్లాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అర్జీలన్నింటిలోనూ ఉంది, మీకు తెలుసు. ఆ రోజు అక్కడున్నవారిలో సగం మంది కొండ మీద దర్శనం చేసుకుని దిగినవారే. గుండ్ల మీద గంధం ఆరకముందే పిల్లలు వరుసలో నిలబడ్డారు. అందరి చూపూ రోలర్ కోస్టర్ మీదే, అంటే ఎత్తుపల్లాల పట్టాల మీద జనాన్ని ఎక్కించుకుని దూసుకెళ్లే బండి మీదే. ఎత్తు 90 అడుగులని బోర్డు మీద రాసుకున్నారు. మా మనవరాలు ఎనిమిదో తరగతి. దానికోసం నెల రోజులుగా నా ప్రాణం తీస్తోంది. సరేనని టికెట్లు కొన్నాను.

వరుస మూడు వంకలు తిరిగి, ఎత్తైన పట్టాల కింద నుంచి సాగుతుంది. అక్కడ ఒక ఇనుప స్తంభం అడుగుభాగం సరిగ్గా నా కళ్ల ముందుకు వచ్చింది. నాకొక చెడ్డ అలవాటు ఉంది. పెళ్లికి వెళ్లినా షామియానా గుంజలు ఎలా కట్టారో చూస్తానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ అలవాటు కొద్దీ వంగి చూశాను. పునాది పలకకు నాలుగు బోల్టులు, మూడింటికే నట్లు. పలకకూ కాంక్రీటుకూ మధ్య సందులో ఒక చెక్కముక్క దోపి ఉంది. స్తంభానికి నీలం రంగు కొత్తగా వేశారు. ఆ రంగు మీద, వెల్డింగు అతుకు నుంచి జానెడు పొడవున ఒక తుప్పు చార కిందికి దిగింది. రంగు కొత్తది. చార అంతకంటే కొత్తది.

అది పగులే అని నేను ప్రమాణం చేసి చెప్పను. అతుకు దగ్గర తుప్పు నీరు బయటికి వస్తోందంటే లోపలికి తడి పోయే దారి ఉందని మాత్రం చెప్పగలను. పగులో కాదో తేల్చడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. అక్కడ రంగు గీకి, నూనె మరకలు తుడిచి, ఎర్రటి ద్రావకం పూయాలి. కాసేపు ఆగి దాన్ని పూర్తిగా తుడిచేసి తెల్లటి పొడి చల్లాలి. పగులు ఉంటే అందులోకి దిగిన ఎరుపు మళ్లీ పైకి వచ్చి, తెలుపు మీద దారంలా గీత తేలుతుంది. లేకపోతే తెలుపు తెల్లగానే ఉంటుంది. అంతా కలిపి గంట పని. మా మరమ్మతు షాపులో ఆ గీత కనిపించిన భాగాన్ని ఎంత పెద్ద అధికారి వచ్చి అడిగినా బండికి తిరిగి బిగించేవాళ్లం కాదు.

ఎక్కే వేదిక దగ్గరికి వచ్చాక ఇంకో రెండు చూశాను. బండి చక్రాల నట్టు ఊడిపోకుండా స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట బైండింగ్ తీగ మెలిపెట్టి ఉంది. సెంట్రింగ్ పనివాళ్లు ఇనుప కడ్డీలకు కట్టే తీగ, అదే. మూడో వరుసలో ఒడికి అడ్డంగా వచ్చే కడ్డీ ఒకంతట పడటం లేదు. అక్కడి కుర్రాడు మోకాలితో అదిమి దాన్ని లాక్ చేస్తున్నాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. అడిగితే, "రోజూ పొద్దున ఖాళీ బండి ఒకసారి తిప్పి చూస్తాం తాతా, ఏమీ కాదు" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు.

పిల్లలను ఎక్కించలేదు. ఇంటికి వచ్చేదాకా మనవరాలు నాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే మేనేజరును కలిశాను. ఆయన దాచిందేమీ లేదు, ఫైలు నా ముందు పెట్టాడు. కరెంటు తీగలు చూసినవారి కాగితం ఉంది. నిప్పు ఆర్పే ఏర్పాట్లు చూసినవారిది ఉంది. జన సమ్మర్దం గురించి ఒకటి, స్థలం గురించి ఒకటి, ఇన్సూరెన్సుది ఒకటి. ఇనుమును చూసినవారి కాగితం ఏదని అడిగాను. బిగించినప్పుడు కంపెనీ ఇచ్చిందంటూ అడుగు నుంచి ఒకటి లాగాడు. దాని మీద తేదీకి ఎనిమిదేళ్లు నిండాయి.

తరువాత నా తిరుగుడు మొదలైంది. మొదటి కార్యాలయంలో ఇది భవనం కాదు కాబట్టి తమ పరిధి కాదన్నారు. రెండో చోట ఇది కర్మాగారం కాదన్నారు. మూడో చోట ఇది రోడ్డు మీద తిరిగే వాహనం కాదని నవ్వారు, నేనూ నవ్వాను. నాలుగో చోట అర్జీ తీసుకుని రశీదు ఇచ్చారు, అందుకు కృతజ్ఞతలు. అయిదో చోట ఒక అధికారి కుర్చీ చూపించి కూర్చోమని, "పెద్దాయనా, మీరు చెప్పేది నిజమే, కానీ దీన్ని ఎవరికి పంపాలో నాకే తెలియడం లేదు" అన్నారు. నిజం చెప్పింది ఆయనొక్కరే. పన్నెండో రోజున ఫోనుకు సందేశం వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది. ఎవరు పరిష్కరించారో, ఏం చేసి పరిష్కరించారో అందులో లేదు. మరునాడే బస్సెక్కి వెళ్లి చూసి వచ్చాను. చెక్కముక్క అక్కడే ఉంది. తుప్పు చార మీద మాత్రం ఇంకో పూత నీలం రంగు పడింది.

నేను చెప్పదలచుకున్నవి ఇవి.

1. ఈ యంత్రం చూడటానికి ఆటబొమ్మ, లోపల రైలే. పట్టా పైన దొర్లే చక్రాలు, పక్క నుంచి ఒరుసుకునే చక్రాలు, పట్టా కింద నుంచి పట్టుకునే చక్రాలు అని మూడు రకాలుంటాయి. కిందివి లేకపోతే మిట్ట దాటేటప్పుడు బండి గాలిలోకి లేస్తుంది. గొలుసు మీద పైకి వెళ్తున్నంతసేపూ టకటకమని వినిపించే చప్పుడు పిల్లలను భయపెట్టడానికి పెట్టింది కాదు, గొలుసు తెగితే బండి వెనక్కి జారకుండా పంటి మీద పన్ను వేసే అడ్డు అది. 90 అడుగుల నుంచి దిగితే లెక్క ప్రకారం వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటుతుంది. పట్టా కిందికి దిగి మళ్లీ లేచే లోయ అడుగున బలం మూడింతలైతే 60 కిలోల మనిషి సీటు మీద 180 కిలోలు తూగుతాడు. ఆ వెంటనే వచ్చే మిట్ట మీద అదే మనిషిని సీటు పైకి విసురుతుంది. అప్పుడు పట్టి ఉంచేది ఆ అడ్డకడ్డీ ఒక్కటే, మోకాలితో అదిమితే తప్ప పడని ఆ కడ్డీ.

2. రైల్వేలో పనిచేసినవారికి బ్లాకు అంటే వేరే చెప్పక్కర్లేదు. ఒక బ్లాకులో ఒక్క బండే ఉండాలి, అది ఖాళీ అయ్యేదాకా వెనక బండికి సిగ్నల్ ఇవ్వరు. ఒకటికి మించి బండ్లు తిరిగే రోలర్ కోస్టర్లలోనూ ఇదే పద్ధతి. పట్టాను ముక్కలుగా విభజిస్తారు, ముందు ముక్కలో బండి ఉంటే వెనకది దానంతటదే ఆగిపోతుంది. ఇంగ్లాండులో ఆల్టన్ టవర్స్ అనే పెద్ద పార్కు ఉంది. అక్కడి 'స్మైలర్' అనే కోస్టర్ మీద 2015 జూన్ 2న ఖాళీగా పంపిన బండి ఒకటి గాలికి వేగం చాలక లోయలో నిలిచిపోయింది. యంత్రం తన పని తాను చేసి వెనక బండిని ఆపేసింది. అక్కడున్న సిబ్బంది యంత్రమే తప్పు చెబుతోందనుకున్నారు. దాన్ని కాదని 16 మందితో ఉన్న బండిని వదిలారు. అది వెళ్లి ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరు అమ్మాయిలకు చెరో కాలు తీసేయాల్సి వచ్చింది. గాయపడ్డవారిని కిందికి దింపడానికి గంటలు పట్టింది. ఆ కంపెనీకి 2016లో కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. మన పార్కులో రెండు బండ్లు తిరుగుతున్నాయి. యంత్రం ఆగినప్పుడు దాన్ని కాదని వదిలే అధికారం ఎవరికి ఉంది? అలా వదిలినప్పుడల్లా రాసుకునే పుస్తకం ఉందా? మేనేజరును అడిగాను. ఏ పుస్తకం అన్నాడు.

3. ఇనుము ఒక్కరోజులో విరగదు. ఆ బైండింగ్ తీగనే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచి చూడండి, మొదటి వంపుకు ఏమీ కాదు, ఏదో ఒక వంపుకు పుటుక్కుమంటుంది. నేను వరుసలో నిలబడిన గంటలో బండి పది సార్లు తిరిగింది. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 24,000 సార్లు. కంపెనీ కాగితం పుట్టిన నాటి నుంచి లెక్కిస్తే రెండు లక్షలకు దగ్గర. ప్రతిసారీ ఆ స్తంభం ఒకసారి వంగి లేస్తుంది. ఖాళీ బండి పొద్దున ఒకసారి తిప్పి చూస్తే తెలిసే సంగతి కాదిది.

ఖర్చుకు వెనకాడని పార్కుల్లోనూ ఇది జరిగింది. అమెరికాలోని క్యారోవిండ్స్ పార్కులో 'ఫ్యూరీ 325' అని 325 అడుగుల ఎత్తున్న కోస్టర్ ఉంది. 2023 జూన్ 30న దాని స్తంభం ఒకటి తల దగ్గర అడ్డంగా పగిలి ఉంది. బండి వచ్చినప్పుడల్లా స్తంభం పక్కకు జరుగుతోంది. దాన్ని చూసి వీడియో తీసినవాడు ఇంజనీరు కాదు, పార్కుకు వచ్చిన ఒక మామూలు మనిషి. కోస్టర్‌ను ఆపేశారు, ఆ రాష్ట్ర కార్మిక శాఖ తనిఖీదారులు వచ్చారు, స్తంభం మార్చి ఆగస్టులో గానీ తిరిగి తెరవలేదు. అక్కడ ఒక మామూలు మనిషి మాట విని తనిఖీకి రావాల్సిన శాఖ ఏదో అందరికీ తెలుసు. నా ఏడుపంతా అదే.

ఎక్కకపోతే ప్రమాదం లేదనుకోవడానికీ లేదు. అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్ పార్కులో 420 అడుగుల 'టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్' నుంచి 2021 ఆగస్టులో ఒక ఇనుప ముక్క ఊడి, వరుసలో నిలబడి ఉన్న ఒక మహిళ తలకు తగిలింది. ఆమెకు తీవ్ర గాయమైంది. ఆ యంత్రాన్ని మళ్లీ ఆ రూపంలో నడపలేదు. మన దగ్గర వరుస ఎక్కడి నుంచి సాగుతుందో పైన రాశాను.

4. విదేశాల ముచ్చట మనకెందుకు అనేవారికి: 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర ఊయలలా ఊగే యంత్రం విరిగిపడి ఇద్దరు చనిపోయారు, పాతిక మందికి పైగా గాయపడ్డారు. 2022 సెప్టెంబరులో మొహాలీ ఎగ్జిబిషన్‌లో పైనుంచి దిగాల్సిన యంత్రం జనంతో సహా ఒక్కసారిగా కిందపడింది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో రోలర్ కోస్టర్ మీద నుంచి పడి 24 ఏళ్ల యువతి చనిపోయింది. అంత దూరం కూడా అక్కర్లేదు. 2024 నవంబరులో మన తిరుపతిలోనే ఇలాంటి తిరిగే యంత్రం మీద నుంచి పడి ఒక మహిళ ప్రాణం పోయింది. ఆ వారం ఊరంతా అదే మాట. తరువాతి వారం ఎవరి పని వారిది.

5. పార్కు కనీసం ఒకచోట ఉంటుంది. జాతరలకు, ఎగ్జిబిషన్లకు వచ్చే జెయింట్ వీల్‌ను రాత్రికి రాత్రి లారీ మీద నుంచి దించి, కాళ్ల కింద ఇటుకలు, చెక్కలు పెట్టి నిలబెడతారు. గంగమ్మ జాతర నాటికి వేసవి వాన ఒక్కటి పడితే ఆ నేల సంగతి ఏమిటో తిరుపతిలో పుట్టినవారికి చెప్పాలా? దీని గురించి విడిగా రాస్తాను, ఇక్కడ గుర్తుచేసి వదిలేస్తున్నాను.

6. ఏదైనా జరిగితే మోసేది ఎవరు? ఆ రోజు నా ముందు నిలబడింది పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రీ కుటుంబం. నలుగురు. మొక్కు తీర్చుకుని, మిగిలిన డబ్బుతో పిల్లల ముచ్చట తీర్చడానికి వచ్చారు. టికెట్టు వెనక సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, ప్రమాదం జరిగితే యాజమాన్యానికి బాధ్యత లేదని. ఆయన దాన్ని చదవలేదు, చదివినా ఏం చేస్తాడు? చేయి విరిగిన మేస్త్రీకి ఆరు నెలలు కూలి లేదు. ఇన్సూరెన్సు కంపెనీ మొట్టమొదట అడిగేది యంత్రం తనిఖీ కాగితమే. అది లేదంటే ఆ కుటుంబం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కాలి.

రెండో బలి ఆ కుర్రాడు. ప్రమాదం జరిగిన సాయంత్రం పోలీసులు ముందుగా పట్టుకుపోయేది మోకాలితో కడ్డీ అదిమినవాడినే. వాడికి ఎవరూ నేర్పలేదు. స్ప్లిట్ పిన్ కావాలని అడిగితే తీగ చేతికిచ్చి ఉంటారు. మా షాపులో నేను చేరిన కొత్తలో ఒక పెద్ద మేస్త్రీ చక్రాన్ని సుత్తితో కొట్టి చప్పుడు వినడం నేర్పించాడు. గంటలా మోగితే మంచి చక్రం, చిల్లపెంకులా పలికితే పగులు. అది చెవికి పట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఈ కుర్రాడికి ఆరు రోజులైనా శిక్షణ ఇచ్చారా?

7. బండి పైన ఆగిపోతే దించేదెలా? 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక యంత్రం మొరాయించి జనం తలకిందులుగా వేలాడారు. ఇక్కడ 90 అడుగులకు అందే నిచ్చెన ఎంత దూరంలో ఉందో, ఎంతసేపట్లో వస్తుందో నేను అడిగాను. ఆ ప్రశ్నకు ఫైలులో కాగితం లేదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటి అర్జీలతో పార్కు మూతపడి అరవై మంది ఉపాధి పోతుందని మేనేజరు నాతో అన్నాడు. పార్కు మూయమని నేను ఎక్కడా రాయలేదు. నాకూ ఆ చప్పుడు, ఆ కేకలు ఇష్టమే. పిల్లలు కొండకు వచ్చి క్యూలో గంటలు నిలబడి అలసిపోయాక వారికీ ఒక సరదా ఉండాలి. గంట పనికి పార్కు మూతపడదు. పగులు ఉందని తేలితే నాలుగు రోజులు మూస్తారు. లేదని తేలితే నా ముఖాన కొట్టండి, నలుగురిలో క్షమాపణ చెబుతాను.

ఇక నేను అడుగుతున్నవి.

మొట్టమొదట, ఈ యంత్రాల ఇనుముకు మీలో ఎవరు బాధ్యులో తేల్చి, ఆ హోదా పేరు రాతపూర్వకంగా ప్రకటించండి. భారత ప్రమాణాల సంస్థ ఇలాంటి యంత్రాలకు ప్రమాణాలు ఎప్పుడో రాసింది. వాటిని ఇక్కడ ఎవరు అమలు చేయిస్తారన్నదే తేలలేదు. మీ దగ్గర నిపుణులు లేకపోతే మన ఊళ్లోనే ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి, ఐఐటీ ఉంది, బోగీలు బాగుచేసే షాపుల్లో పగుళ్లు పట్టేవారున్నారు. పిలిస్తే వస్తారు.

రెండోది, ఆ పార్కు కోస్టర్ స్తంభాల అతుకులు, చక్రాల ఇరుసులు, అడ్డకడ్డీల తాళాలు వేసవి సెలవుల లోపు పరీక్ష చేయించండి. అప్పటిదాకా మూడో వరుసలో ఎవరినీ కూర్చోబెట్టవద్దని చెప్పండి. దీనికి జీవో అక్కర్లేదు, ఒక ఫోను చాలు.

మూడోది నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. ఈసారి రైల్వే స్టేషనుకు వెళ్లినప్పుడు ఏ బోగీ అయినా చివరి గోడ చూడండి. ఏ షాపులో పెద్ద మరమ్మతు జరిగిందో, ఏ తేదీన జరిగిందో, మళ్లీ ఏ తేదీకి షాపుకు రావాలో రంగుతో రాసి ఉంటుంది. చదువుకున్నవారు, చదువులేనివారు, ఎవరైనా పక్కవారిని అడిగి తెలుసుకోవచ్చు. ఆ తేదీ దాటిన బోగీని మేము పట్టాల మీద ఉండనిచ్చేవాళ్లం కాదు. అదే మాదిరి ప్రతి కోస్టర్ దగ్గర, ప్రతి జెయింట్ వీల్ దగ్గర, టికెట్టు కిటికీ పక్కనే తెలుగులో, తమిళంలో బోర్డు పెట్టించండి. ఇనుమును పరీక్షించిన తేదీ, మళ్లీ పరీక్షించాల్సిన తేదీ, పరీక్షించిన మనిషి పేరు, సంతకం. ఆ సంతకం ఉంటే పూతల మీద పూతలు పడవు, ఎందుకంటే రేపు అడిగితే చెప్పుకోవాల్సిన పేరు ఒకటి గోడ మీద ఉంటుంది.

పనివారికి శిక్షణ, ఆగిన యంత్రాన్ని కాదని బండి వదిలిన ప్రతిసారీ రాసే పుస్తకం, టికెట్టు వెనక ఆ వాక్యం తీసేయించడం, ఇవి కూడా అడుగుతున్నాను. వీటికి వివరణ అక్కర్లేదనుకుంటాను.

అయిదు అర్జీల నకళ్లు, రశీదు, ఫోనుకు వచ్చిన సందేశం, స్తంభానికి రెండుసార్లు తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. తుప్పు చార ఉన్న ఫోటోను, దాని మీద రంగు పడ్డాక తీసిన ఫోటోను పక్కపక్కన పెట్టి పెద్దవి చేయించాను. వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే వేళకు వాటిని పట్టుకుని వరండాలో కూర్చుంటాను. మనవరాలు కూడా వస్తానంటోంది. ఆ రోజు ఎందుకు ఎక్కనివ్వలేదో దానికి ఇప్పుడు తెలుసు. ఎప్పుడు ఎక్కవచ్చో మిమ్మల్నే అడుగుతుందట.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టర్,
తిరుపతి